మూడో రోజుకి బూజు పట్టే రొట్టె

అమ్మాయీ,

నవలల్లోని వంటల మీద నువ్వు రాసిన పుస్తకం రాతప్రతి రెండుసార్లు చదివాను. రెండోసారి పొయ్యి పక్కన పెట్టుకుని చదివాను. కుర్చీలో కూర్చుని చదివితే ఇలాంటి పుస్తకాల గుట్టు బయటపడదు.

ముందు తిట్లు. నలభై వంటల్లో సగానికి పైగా మామూలు బిస్కెట్లు, కేకులే. వాటికి నవలల్లోని పాత్రల పేర్లు తగిలించావు, అంతే. విలన్ పేరు పెట్టినంత మాత్రాన చాక్లెట్ కేకు నవలలోది అయిపోతుందా? కథలో ఎవరైనా నిజంగా తిన్న వంట దగ్గర మొదలుపెట్టు. ఎవరు వండారు, ఎంత ఆకలి మీద తిన్నారు, చలికాలమా, ఇంట్లోనా, దారిలోనా? రచయిత చెప్పకుండా వదిలేసిన కొలతలు అక్కడే దొరుకుతాయి.

టోల్కీన్ నవలలోని ప్రయాణపు రొట్టెనే తీసుకో. విరగ్గొట్టకుండా ఆకుల్లో చుట్టి ఉంచితే చాలా రోజులు పాడవదు, ఒక్కటి తింటే రోజంతా నడవొచ్చు అంటాడాయన. నువ్వేమో పాలు, పండ్ల గుజ్జు పోసి స్పాంజిలా చేశావు. రుచి బాగుంది, కాదనను. కానీ మూడో రోజుకి బూజు పడుతుంది! నిలవ ఉండాలంటే తడి తక్కువ ఉండాలి. పిండిలో వెన్న, తేనె, గింజలు కలిపి, పల్చగా ఒత్తి, సన్న సెగ మీద తడి ఆరేదాకా కాల్చి చూడు. నడిచేవాడికి కావలసిన బలమూ వాటిలోనే ఉంది.

మాయ పానీయానికి సీసాల్లో అమ్మే రంగు ఎందుకు? వేడినీళ్లలో శంఖుపూలు వేస్తే నీలం దిగుతుంది, నిమ్మరసం పిండగానే ఊదాగా మారుతుంది. పిల్లలు కేకలు పెట్టడానికి అది చాలు.

ఊహాలోకపు వంటకి ఆధారం ఎక్కడ దొరుకుతుందని అడిగావు. 'గేమ్ ఆఫ్ త్రోన్స్' నవలల వంటలతో 2012లో వచ్చిన 'ఎ ఫీస్ట్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' తిరగెయ్యి. చాలా వంటలకి పాతకాలపు పద్ధతి, ఈనాటి పద్ధతి రెండూ ఇచ్చారు. నువ్వూ పాత వంటల పుస్తకాలు వెతుక్కో.

ఇక టెన్షన్ పెట్టే సంగతి. ప్రతి వంట పైనా నవల నుంచి అరపేజీ ఎత్తి రాశావు. రెక్స్ స్టౌట్ 1973లో తన డిటెక్టివ్ నవలల వంటలతో పుస్తకం తెచ్చాడంటే, ఆ నవలలు ఆయన సొంతం. నీవి కావు. అమెరికా చట్టంలో ఉత్త దినుసుల జాబితాకి కాపీరైట్ లేదు గానీ, నవలలోని వాక్యాలకి ఉంది. అనుమతి తీసుకో, లేదా సన్నివేశాన్ని నీ మాటల్లో రెండు ముక్కల్లో చెప్పు. కవర్ మీద 'అనధికారిక' అని వేసినా, పేర్ల సంగతి లాయర్‌కి చూపించాల్సిందే.

కప్పుల లెక్క మానెయ్యి. తేలిగ్గా పోస్తే కప్పు పిండి 120 గ్రాములు తూగుతుంది, అదిమి పోస్తే 150 దాటుతుంది. నా మొదటి పుస్తకంలో కస్టర్డ్‌కి "చిక్కబడేదాకా" అని రాసి ఊరుకున్నాను. గుడ్డు విరిగిపోయిన గిన్నెల గురించి ఎన్ని ఉత్తరాలొచ్చాయో! ఆ నవల పేరు కూడా వినని మనిషి చేతికి నీ రెసిపీ ఇచ్చి, పక్కన నిలబడి, నోరు మూసుకుని చూడు. ఎక్కడ ఆగి నీ వైపు చూస్తే అక్కడ ఇంకో వాక్యం కావాలి.

రొట్టె మళ్లీ కాల్చాక ఒకటి డబ్బాలో దాచు. పదో రోజున తిని, ఎలా ఉందో రాయి.

ఆశీస్సులతో.