హోటళ్ల గురించి రాసి బతకొచ్చా? ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మేడం, మాది మదనపల్లె. టమాటా మండీలో కమీషన్ వ్యాపారం. మా పెద్దమ్మాయి బీకాం చదివి, రెండేళ్లుగా బెంగళూరులో ఒక కంపెనీలో కంటెంట్ రైటరుగా పని చేస్తోంది. జీతం 32 వేలు. మారతహళ్ళిలో పీజీలో ఉంటుంది. ఏడాదిగా హోటళ్లు, మెస్సుల గురించి ఇంగ్లిష్‌లో సొంత బ్లాగు రాస్తోంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి, బ్లాగు నడుపుకుంటూ ఫ్రీలాన్స్‌గా రాసుకుంటానంటోంది. మొన్న ఒక రెస్టారెంట్ వాళ్లు పిలిచి ఉచితంగా భోజనం పెట్టారని ఎంతో సంతోషంగా చెప్పింది. తిండి గురించి రాస్తే డబ్బులెవరిస్తారు? సంబంధాలు చూస్తున్నాం, అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏమని చెప్పాలి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. బ్లాగు లింకు పంపుతున్నాను, చూసి చెప్పండి.

జవాబు: మీ అమ్మాయి రాజీనామా ఇంకో ఆరు నెలలు ఆపాలి. అయితే ఈ దారే వద్దని మాత్రం నేను చెప్పను. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో వివరంగా రాస్తున్నాను. వీలైతే ఈ జవాబు మీరిద్దరూ కలిసి చదవండి.

డబ్బు సంగతి ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇంట్లో అసలు భయం అదే. బ్లాగు నేరుగా తెచ్చేది చాలా తక్కువ. గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు పెట్టుకోవచ్చు కానీ, ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా వాళ్లు డబ్బు పంపరు. కొత్త బ్లాగుకు ఆ 100 డాలర్లు చేరడానికే నెలల తరబడి పడుతుంది. ఈ రంగంలో నిలబడినవాళ్లకు డబ్బు వచ్చేది బ్లాగు చదివి ఎవరో పిలిచి ఇచ్చే పనిలో. పత్రికలకు ఫీచర్లు, మసాలా కంపెనీలకు వంటకాల పేజీలు, డెలివరీ యాప్‌లకు వంటల వివరాలు, వంట పుస్తకాల ఎడిటింగ్, హోటళ్లకు మెనూ రాసిపెట్టడం, ఇలాంటివి. మీ మండీలో కొనేవాళ్లు ఒక క్రేటులో కాయ చూసి లోడంతా బేరమాడతారు కదా! బ్లాగు ఆ క్రేటులాంటిది. కాయ బాగుంటేనే లోడు గురించి అడుగుతారు.

ఈ పనిలో వచ్చే ఆదాయం కూడా మీ టమాటా ధరలాగే ఉంటుంది. ఒక నెల చేతినిండా పని, మరుసటి నెల ఒక్క మెయిలు కూడా రాదు. రాసిచ్చిన రెండు మూడు నెలలకు డబ్బు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేనొక లెక్క చెబుతాను. పీజీ అద్దె, ప్రయాణాలు, ఫోను అన్నీ కలిపి నెలకు 20 వేలు అవుతుందనుకుంటే, ఆరు నెలల ఖర్చు లక్షా 20 వేలు బ్యాంకులో విడిగా ఉండాలి. ఉద్యోగంలో ఉండగానే, బయటి రాతల మీద వరసగా మూడు నెలలు కనీసం 15 వేల చొప్పున రావాలి. ఈ రెండూ జరిగిన రోజున రాజీనామా ఇవ్వొచ్చు. అంతకంటే ముందు కంపెనీ ఇచ్చిన అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడమనండి. బయట డబ్బుకు పని చేయకూడదని అందులో రాసి ఉంటే, హెచ్ఆర్‌ను అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి, సొంత పాలసీ ముందే తీసుకోవాలి. రోజూ బయట తినే పని ఇది, కడుపు ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం.

ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోవాలి. వారానికి రెండు హోటళ్లు, ఒక్కోదానికి రెండుసార్లు వెళ్లి, మనిషికి 300 అవుతుందనుకుంటే వారానికి 1,200. నెలకు ఐదు వేల దగ్గర. ఒక్కసారి తిని రాయడం సరిపోదా అని అమ్మాయి అడగొచ్చు. సరిపోదు. ఆదివారం మధ్యాహ్నం రద్దీలో వడ్డించిన పప్పుచారు, మంగళవారం రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు వడ్డించిన పప్పుచారు ఒకేలా ఉండవు. రెండూ రుచి చూసినవాళ్ల మాటకే విలువ ఉంటుంది.

మీరు పంపిన లింకులో ఆమె రాసినవి పదిహేను దాకా చదివాను. లాల్‌బాగ్ రోడ్డులో 1924 నాటి ఎంటీఆర్ హోటల్ గురించి, గాంధీబజార్‌లో 1943 నుంచి నడుస్తున్న విద్యార్థి భవన్ దోసె గురించి రాసింది. తప్పులేమీ లేవు. కానీ రెండో ప్రపంచయుద్ధం నాడు బియ్యం దొరక్క ఎంటీఆర్ వాళ్లు రవ్వతో ఇడ్లీ చేశారన్న కథ ఇప్పటికే వందలమంది రాశారు. అదే కథ మళ్లీ చెప్పడానికి ఏ ఎడిటరూ ఆమెను పిలవరు. ఆ పదిహేనింటిలో ఒక్కటి మాత్రం నన్ను కూర్చోబెట్టి చదివించింది. మారతహళ్ళి పక్కనున్న మున్నేకొళాలలో ఒక చిన్న మెస్సులో ఆదివారం రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్న సంగతి అది. కన్నడవాళ్ల రాగి ముద్దకూ మన సంగటికీ తేడా ఏమిటో అందులో నాలుగు వాక్యాల్లో చెప్పింది. ముద్దలో రాగిపిండే ప్రధానం, మన సంగటిలో అన్నం మెత్తగా ఉడికించి పిండి కలిపి గెలుకుతారు. ముద్దను సారులో, అంటే వాళ్ల పులుసులో, ముంచి నమలకుండా మింగుతారు. మన ఇళ్లలో సంగటికి తోడు ఊరిబిండి పచ్చడి ఉంటే ఆ రుచి వేరు. ఇది ఆమెకు వాళ్లమ్మ చేతి వంట నుంచి, మీ ఊరి నుంచి వచ్చిన జ్ఞానం. బెంగళూరులో పుట్టి పెరిగినవాళ్లు ఇంత సులువుగా రాయలేరు. ఆమె బలం ఇక్కడుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమెరికాలో జోనథన్ గోల్డ్ అనే రచయిత ఉండేవాడు. లాస్ ఏంజెలెస్‌లో పీకో బులెవార్డ్ అని చాలా పొడవైన రోడ్డు ఉంది. 1980ల మొదట్లో, ఇరవై ఏళ్లు దాటిన వయసులో, ఆ రోడ్డు మీదున్న ప్రతి తిండి కొట్టులోనూ తినాలని అతను లక్ష్యం పెట్టుకున్నాడు. అప్పుడతను న్యాయవార్తల పత్రిక ఒకదానిలో ప్రూఫ్ రీడరు. అంటే జీతం చేసుకుంటూనే తిరిగాడు. ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చినవాళ్లు నడిపే చిన్న హోటళ్ల గురించి రాస్తూ రాస్తూ, 2007లో అక్కడి పత్రికా రచనకు ఇచ్చే పెద్ద గౌరవమైన పులిట్జర్ బహుమతిని విమర్శ విభాగంలో అందుకున్నాడు. ఆ బహుమతి తిండి మీద రాసే విమర్శకుడికి రావడం అదే మొదటిసారి.

మీ అమ్మాయికి అలాంటి రోడ్డు పీజీ గుమ్మంలోనే ఉంది. మారతహళ్ళి వంతెన నుంచి కుందలహళ్ళి గేటు దాకా, ఆ పక్క సందులతో సహా, తెలుగు బోర్డులున్న మెస్సులు, టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు ఎన్నో లెక్కపెట్టమనండి. వాటిలో రాయలసీమ వంట ఎన్నిట్లో, గోదావరి వంట ఎన్నిట్లో, అన్నీ కలిపేసి ఆంధ్రా మీల్స్ అని పేరు పెట్టినవి ఎన్ని? వంటమనిషి ఏ ఊరి నుంచి వచ్చాడు? గోంగూర ఎక్కడి నుంచి తెప్పిస్తున్నారు? సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇంటి నుంచి పని అన్నప్పుడు ఈ మెస్సులు ఎలా నెట్టుకొచ్చాయి? రెసిడెన్సీ రోడ్డులో 1984లో మొదలైన నాగార్జున హోటల్ అందరికీ తెలుసు. అరిటాకు భోజనాన్ని ఈ ఊరికి అలవాటు చేసిన హోటళ్లలో అదొకటి. అక్కడి నుంచి మారతహళ్ళి సందుల దాకా మన భోజనం ఎలా వచ్చిందన్నది ఎవరో ఒకరు ఓపికగా రాయాల్సిన విషయం. ఏడాదిపాటు ఇదొక్కటే పట్టుకుని 50 చోట్ల గురించి రాస్తే, బెంగళూరులో తెలుగు తిండి మీద ఎవరికి వ్యాసం కావాలన్నా మొదట ఈ అమ్మాయి పేరే గుర్తొస్తుంది.

భాష గురించి ఒక్క మాట. ఇంగ్లిష్ రాతకు ఇచ్చే డబ్బు ఎక్కువ కాబట్టి బ్లాగు ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి. నెలకొకటి తెలుగులో కూడా రాయమనండి. తెలుగు పేజీలకూ యాడ్‌సెన్స్ 2018 నుంచి అందుబాటులో ఉంది. కానీ నేను చెప్పేది అందుకోసం కాదు. ఆ మెస్సు నడిపే ఆయన తన గురించి రాసింది తనే చదువుకోగలిగితే, మళ్లీ వెళ్లినప్పుడు వంటింట్లోకి రానిస్తాడు.

ఇక ఆ ఉచిత భోజనం సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే.

మండీలో రైతు మిమ్మల్ని నమ్మి సరుకు దింపుతాడు, దూరం నుంచి వచ్చిన వ్యాపారి మీ మాట నమ్మి లోడెత్తుతాడు. ఎవరో మీ జేబులో డబ్బు పెట్టి రెండో రకాన్ని మొదటి రకమని చెప్పమంటే, ఆ ఒక్కరోజు సంపాదన కోసం మీరు చెప్పరు. చెబితే మర్నాటి నుంచి మీ కొట్టు ముందు బండి ఆగదని మీకు తెలుసు. అమ్మాయి రాతకూ ఇదే వర్తిస్తుంది. హోటల్‌వాళ్లు పిలిచి పెట్టిన భోజనంలో వంటమనిషి ప్రత్యేకంగా శ్రద్ధ పెడతాడు, ముక్కలు ఎక్కువ వేస్తాడు, యజమాని పక్కనే నిలబడి అడిగి మరీ వడ్డిస్తాడు. బ్లాగు చదివి తన సొంత డబ్బుతో వెళ్లినవాడికి ఆ భోజనం దొరకదు. పైగా తిన్న ఇంటి ఉప్పు మన చేతిని పట్టుకుంటుంది. కూరలో నూనె ఎక్కువైందని రాయడానికి మనసు రాదు. అందులో ఆమె తప్పేమీ లేదు, మంచి మనసున్నవాళ్లకే అలా అవుతుంది. అందుకే రివ్యూ రాయాలనుకున్న చోట తన బిల్లు తనే కట్టాలి, వస్తున్నానని ముందుగా చెప్పకూడదు. ఆహ్వానం మీద వెళ్తే ఆ సంగతి వ్యాసం మొదటి వాక్యంలోనే రాయాలి.

ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి ఆస్కీ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది. 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బే కాకుండా ఉచిత వస్తువులు, బహుమతులు, హోటల్ బసలు తీసుకున్నా ఆ సంబంధాన్ని చదివేవారికి స్పష్టంగా కనిపించేలా చెప్పాలని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ వివరంగా రాసింది. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 22 ఏళ్ల పిల్లలు ఇవేమీ తెలియకుండా కొలాబ్ (ఉచితంగా ఏదో ఇచ్చి ప్రచారం చేయించుకునే ఒప్పందం) అన్న మాట వినగానే ఒప్పుకుంటుంటే నాకు బాధగా ఉంటుంది. ఇంకో నియమం కూడా ఆమె పెట్టుకోవాలి. ఏ హోటల్‌కు మెనూ రాసి డబ్బు తీసుకుంటుందో, ఆ హోటల్ మీద బ్లాగులో రివ్యూ రాయకూడదు.

బాగోలేనప్పుడు ఎలా రాయాలన్నది కూడా నేర్చుకోవాలి. పెద్ద రెస్టారెంట్‌లో ఇద్దరికి రెండు వేలు బిల్లయి బిర్యానీ ఉడకకపోతే ఉడకలేదనే రాయాలి. ఏ తేదీన, ఏ వంటకం, ఎంత బిల్లు అన్నది స్పష్టంగా ఉండాలి, బిల్లు ఫోటో దాచుకోవాలి. తను చూడని వంటింటి గురించి, వాడారో లేదో తెలియని నూనె గురించి ఊహించి రాస్తే పరువు నష్టం కేసుల దాకా వెళ్లొచ్చు. ఇక భార్యాభర్తలిద్దరే నడుపుకునే పది కుర్చీల మెస్సు బాగోలేదనుకోండి, దాని గురించి రాయకుండా వదిలేయమనే నేను చెబుతాను. ఒక అమ్మాయి పేరు తెచ్చుకోవడానికి ఇంకొక ఇంట్లో పొయ్యి ఆరిపోవాల్సిన అవసరం లేదు.

పన్నులు, ఒప్పందాల గురించి క్లుప్తంగా. ప్రతి పనికీ ఇన్వాయిస్ పంపి, దాని నకలు పెట్టుకోవాలి. కంపెనీలు ఫీజులో 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసే పన్ను, పట్టుకునే అవకాశం ఉంది. ఏటా రిటర్ను వేస్తే, కట్టాల్సిన పన్ను కంటే ఎక్కువ పట్టుకున్నది వెనక్కి వస్తుంది. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గురించి బెంగ అక్కర్లేదు. ఒప్పందంలో రాతల హక్కులు ఎవరివన్నది చదవకుండా సంతకం చేయొద్దు. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిచ్చేటప్పుడు కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగానే లెక్క. శాశ్వతంగా అని రాసి ఉంటే మాత్రం అంతే సంగతులు. కాబట్టి ఆ మాట దగ్గర ఆగి, అడిగి, మార్పించుకోవాలి.

సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నారు. ఈ ఆరు నెలలూ చెప్పడానికి ఉద్యోగం ఉంది. ఆ తర్వాత, మా అమ్మాయి రచయిత్రి, పత్రికలకు, కంపెనీలకు రాస్తుంది అని చెప్పండి. నెలకు ఇంత వస్తోందని రిటర్నులు చూపించగలిగితే చాలు. అయితే ఆ మాట మీరు తడబడుతూ చెబితే అవతలివాళ్లకు అనుమానం వస్తుంది. ముందు మీకు నమ్మకం కుదరాలి. దానికి ఒక మార్గం చెబుతాను.

ఈసారి సెలవులకు అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడు, మండీ దగ్గర హమాలీలు పొద్దున్నే తినే టిఫిన్ బండి దగ్గరికి మీరే తీసుకెళ్లండి. మిమ్మల్ని ఎరిగినవాళ్లు కాబట్టి డబ్బులు వద్దంటారేమో, అయినా బిల్లు ఆమెనే కట్టనివ్వండి. మీరు పక్కకు తప్పుకుని ఆమెను మాట్లాడనివ్వండి. పిండి ఎన్నింటికి రుబ్బుతారో, టమాటా ధర చుక్కలనంటిన 2023 జులైలో చట్నీ ఎలా చేశారో, బరువులు మోసేవాళ్లు ఒక్క పూటకు ఎన్ని ఇడ్లీలు తింటారో అడగమనండి. రెండు రోజులు వరసగా వెళ్లాక వెయ్యి పదాల్లో తెలుగులో రాసి, ముందు మీ చేతికిమ్మనండి. ఇన్నేళ్లుగా మీరు రోజూ చూస్తున్న చోటు అది. అందులో మీకు తెలియని సంగతి ఒక్కటైనా ఆమె పట్టుకుందో లేదో చూసి, నాకు మళ్లీ ఉత్తరం రాయండి.