జర్నలిజం పీజీ చదవాలా, నేరుగా విలేకరిగా చేరాలా?

ప్రశ్న: కెమిస్ట్రీ ప్రధానాంశంగా బీఎస్సీ పూర్తి చేశాను. జర్నలిజంలో పీజీ చేయాలని ఉంది. పత్రికలో చేరడానికి ఇంకో డిగ్రీ దేనికి, మండల విలేకరిగా చేరితే పని అదే వస్తుంది కదా అని ఇంట్లో అంటున్నారు. సైన్సు చదివినవారికి సీటు ఇస్తారా? ఎక్కడ చదివితే మంచిది?
– ఒక పాఠకురాలు, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఏ డిగ్రీ చదివినవారైనా జర్నలిజం పీజీలో చేరవచ్చు కాబట్టి సీటు విషయంలో మీకు బెంగ అక్కర్లేదు. మీకు అందుబాటులో ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. వీటిలో ప్రవేశానికి ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికైతే సీయూఈటీ పీజీ రాయాలి. 1965లో ఢిల్లీలో మొదలైన ఐఐఎంసీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) పొరుగున ఉన్న ఒడిశాలోని ఢెంకనాల్‌లోనూ ప్రాంగణం ఉంది.

మీ ఇంట్లోవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. వార్త రాయడం రాస్తూనే వస్తుంది. అయితే మండల విలేకరులలో చాలామందికి నెల జీతం ఉండదు, అచ్చయిన వార్తల నిడివిని బట్టి లైన్ అకౌంట్ కింద కొద్ది మొత్తం వస్తుంది, పైగా ప్రకటనలు తెచ్చే భారం కూడా తరచూ వారి మీదే పడుతుంది. రోజూ సాయంత్రంలోగా వార్తలు పంపాల్సిన ఆ ఒత్తిడిలో తప్పు ఎక్కడ జరిగిందో కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఆ తీరిక రెండేళ్లపాటు దొరకడమే కోర్సు వల్ల కలిగే అసలు ప్రయోజనమని నా అభిప్రాయం.

మీ ప్రాంతం సంగతే తీసుకోండి. ఉద్దానంలో వైద్య శిబిరం పెట్టి ఒక్కరోజులో రక్తపరీక్షలు చేశారనుకుందాం. సీరం క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టాల్సిన, రక్తంలోని ఒక వ్యర్థపదార్థం) ఎక్కువగా ఉన్నవారందరినీ లెక్కగట్టి ‘ఇంతమందికి కిడ్నీ వ్యాధి’ అని శీర్షిక పెడితే అది తప్పుడు వార్త అవుతుంది; ఎందుకంటే మూత్రపిండాల పనితీరులో లోపం కనీసం మూడు నెలలపాటు కొనసాగితేనే వైద్యులు దానిని దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. అలాగే ‘నీళ్లే కారణం’ అని తేల్చి రాయడమూ తగదు, ఉద్దానంలో వ్యాధికి ఇదమిత్థమైన కారణాన్ని పరిశోధకులు ఇంకా నిర్ధారించలేదు. ఏది రుజువైంది, ఏది ఎవరు అన్నారు, ఏది అనుమానం మాత్రమే అని వాక్యం వాక్యానికీ వేరు చేసి రాయడం శిక్షణతోనే అలవడుతుంది. ప్రయోగశాలలో పనిచేసిన మీకు ఇది ఇతరులకన్నా త్వరగా పట్టుబడుతుంది. కెమిస్ట్రీ చదివిన విలేకరి అవసరం శ్రీకాకుళం జిల్లాకు ఎంతో ఉంది.

రెండో ప్రయోజనం చట్టాల పరిచయం. లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత బాలిక లేదా బాలుడి పేరు, ఫొటో మాత్రమే కాదు, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు వంటి ఆనవాళ్లు కూడా ప్రచురించకూడదు. పేరు మార్చి, ఊరి పేరూ తండ్రి చేసే పనీ రాసేస్తే చిన్న పల్లెలో ఆ బిడ్డ ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఇది ఏడాది వరకు జైలుశిక్ష పడగల నేరం. అంతకుమించి, ఆ బిడ్డకు జరిగే హాని సవరణ వేసినంత మాత్రాన పోదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం, 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలుకు వెళ్లడం కూడా చదువుకునే రోజుల్లోనే చేసి చూడాలి.

ఇక కళాశాల ఎంపిక. పేరు చూసి చేరకండి. విద్యార్థులు నడిపే ప్రయోగ పత్రిక క్రమం తప్పకుండా వస్తోందా, రాసిన వార్తను అధ్యాపకులు ఎర్రసిరాతో దిద్ది తిరిగి ఇస్తున్నారా, యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ చేయిస్తున్నారా అని ప్రస్తుత విద్యార్థులను అడిగి తెలుసుకోండి. ఇవి లేనిచోట రెండేళ్లు సిద్ధాంతాలు బట్టీపట్టడంతోనే గడిచిపోతాయి. సెలవుల్లో మీ మండల విలేకరి వెంట తిరగండి, ఇంట్లోవారి కోరికా నెరవేరుతుంది.

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. జర్నలిస్టు కావాలంటే డిగ్రీలోనే ఆ సబ్జెక్టు తీసుకోవాలా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: తప్పనిసరి కాదు. ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, గణాంకశాస్త్రం వంటివాటిలో ఒకదానిని డిగ్రీలో గట్టిగా చదివి, జర్నలిజాన్ని పీజీకి ఉంచుకోవడం మేలు. జిల్లా బడ్జెట్ పత్రాలనో జూట్ మిల్లు మూసివేత నోటీసునో చదివి అర్థం చేసుకోగలిగిన విలేకరికి రాయడానికి ఎప్పుడూ వార్త ఉంటుంది. ఈలోగా రోజూ ఒక తెలుగు పత్రికనూ ఒక ఇంగ్లీషు పత్రికనూ చదివి, ఒకే వార్తను రెండూ ఎలా రాశాయో నోటు పుస్తకంలో రాసుకోండి.