కోవెంట్రీ నుంచి లండన్‌కు రెండు రోజులు, మనిషికి వంద పౌండ్లు: ఎలా సరిపెట్టుకోవాలి

మీరు అడిగింది ఇదీ: కోవెంట్రీలో మాస్టర్స్ చేస్తున్నారు. వచ్చే నెలలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి శనివారం ఉదయం లండన్ వచ్చి ఆదివారం రాత్రికి తిరిగి వెళ్లాలి. ప్రయాణం, బస, తిండి అన్నీ కలిపి మనిషికి వంద పౌండ్లు దాటకూడదు. చూడాలనుకున్నవి లండన్ ఐ, కోహినూర్, మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మల మ్యూజియం, షార్డ్ అనే ఎత్తైన భవనం పైనుంచి ఊరు. ఇది కుదిరే పనేనా?

వంద పౌండ్లతో రెండు రోజులు హాయిగా కుదురుతుంది. కానీ ఆ లిస్టుతో కుదరదు. ఆ నాలుగింటి టికెట్లకే వంద పౌండ్లు చాలవు. బర్మింగ్‌హామ్‌లో చదువుకునే రోజుల్లో నేనూ ఇలాగే వీకెండ్‌కి వచ్చి చూసి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు లండన్‌లోనే ఈస్ట్ హామ్‌లో ఉంటున్నాను కాబట్టి ఎవరొచ్చినా ఊరు చూపించే పని నాకే పడుతుంది, నాకది ఇష్టం కూడా. అందరికీ చెప్పే మాటే మీకూ చెబుతాను: లండన్‌లో నిజంగా చూడదగ్గ వాటిలో సగానికి పైగా టికెట్ లేకుండా చూడొచ్చు. డబ్బు ప్రయాణానికి, పడకకి, కడుపుకి ఉంచుకోండి.

ముందు ప్రయాణం. కోవెంట్రీ నుంచి లండన్ యూస్టన్ స్టేషన్‌కు రెండు రకాల రైళ్లున్నాయి. గంటలో దించేది ఖరీదు. రెండు గంటల లోపు దించే లండన్ నార్త్‌వెస్టర్న్ రైలు చాలా చవక, అదీ ముందుగా అడ్వాన్స్ టికెట్ కొంటే. ఏడాదిలో ఇంకో రెండు మూడు ప్రయాణాలు చేసేటట్టుంటే 16-25 రైల్‌కార్డ్ తీసుకోండి, మూడో వంతు తగ్గుతుంది. 26 దాటినా ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే ఇస్తారు. ఇది తెలియక ఫుల్ రేటు కట్టేవాళ్లను చాలామందిని చూశాను. కోచ్, అంటే దూరప్రాంతపు బస్సు, ఇంకా చవకగా దొరకొచ్చు గానీ, ట్రాఫిక్‌ని బట్టి ఎప్పుడు చేరుస్తుందో చెప్పలేం. పైగా విక్టోరియాలో దిగుతారు. యూస్టన్‌లో దిగితే బ్రిటిష్ మ్యూజియంకి నడిచే వెళ్లిపోవచ్చు. నా ఓటు రైలుకే.

బస ఒక్క రాత్రే కాబట్టి హాస్టల్ డార్మ్ చాలు. శనివారం రాత్రి రేటు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, మనిషికి ముప్ఫై నుంచి నలభై పౌండ్లు అనుకోండి. కింగ్స్ క్రాస్, సెయింట్ పాంక్రాస్ చుట్టుపక్కల వెతకండి. యూస్టన్ నుంచి పది నిమిషాల నడక. రాగానే బ్యాగులు అక్కడ పడేసి చేతులు ఊపుకుంటూ తిరగొచ్చు. చక్రాల సూట్‌కేసులను బ్రిటిష్ మ్యూజియం గేటు లోపలికే రానివ్వరు, కాబట్టి బ్యాక్‌ప్యాక్‌తో రండి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో "ఈస్ట్ హామ్‌లో ఒక్క రాత్రికి రూమ్, పదిహేను పౌండ్లే, అడ్వాన్స్ పంపండి" అనే పోస్టులు కనిపిస్తాయి. తెలిసినవాళ్ల ద్వారా అయితే తప్ప ఎవరికీ అడ్వాన్స్ పంపొద్దు.

ఊళ్లో తిరగడానికి ఆయిస్టర్ కార్డు కొనక్కర్లేదు, మీ బ్యాంకు డెబిట్ కార్డే ట్యాప్ చేయండి. బస్సు 1.75 పౌండ్లు. మొదటి ట్యాప్ నుంచి గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ కోయరు. రోజంతా బస్సులే ఎక్కితే 5.25 దగ్గర ఆగిపోతుంది. ట్యూబ్ (భూగర్భ రైలు) కూడా ఎక్కితే ఊరి నడిబొడ్డు జోన్ 1, 2 లోపల రోజుకి తొమ్మిది పౌండ్ల చుట్టూ ఆగుతుంది. రోజంతా ఒకే కార్డు వాడాలి. ఒకసారి కార్డు, ఒకసారి ఫోన్ అంటే ఇద్దరు మనుషుల కింద లెక్కేస్తుంది. ముగ్గురికీ మూడు కార్డులు ఉండాలి. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే ట్యాప్, ట్యూబ్‌లో దిగి బయటికి వచ్చేటప్పుడు కూడా.

ఇక శనివారం. పదింటికల్లా బ్రిటిష్ మ్యూజియం చేరేటట్టు చూసుకోండి. ఉచిత టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే సెక్యూరిటీ లైను దగ్గర టెన్షన్ ఉండదు. అందరూ రొసెట్టా రాయి వైపు, మమ్మీల వైపు పరిగెడతారు. మీరూ చూడండి, తప్పులేదు. కానీ దయచేసి 33ఎ గదికి వెళ్లకుండా బయటికి రాకండి. చైనా, దక్షిణాసియా వస్తువులుండే పెద్ద హాలు 33, దాని చివర అద్దాల వెనక ఉంటుంది ఈ గది. అందులో ఉన్నవి మన అమరావతి స్తూపం శిల్పాలు. తెల్లటి పల్నాటి రాయి. 1797 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కోలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించాడు. అందులో కొన్ని 1859లో లండన్‌కు వచ్చాయి. మిగిలినవాటిలో పెద్ద భాగం ఇప్పటికీ చెన్నై మ్యూజియంలో ఉంది.

అమరావతి వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ ఇప్పుడు మిగిలింది గుండ్రటి మట్టిదిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. అసలు స్తూపం ఎలా ఉండేదో అక్కడ నిలబడితే ఊహకు అందదు. ఇక్కడ ఒక పలక మీద ఆ స్తూపాన్నే చెక్కి పెట్టారు. గుమ్మటం, దాని ముందు వరసగా ఐదు స్తంభాలు, ద్వారం దగ్గర సింహాలు, పైన గాలిలో దండం పెడుతున్న దేవతలు. ఆ రాయికి ఇంకో విశేషం ఉంది. క్రీస్తుకు పూర్వమే ఒక వైపు బోధి చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం చెక్కారు. తర్వాత రెండు మూడు వందల ఏళ్లకు అదే రాయిని తిప్పి, రెండో వైపు ఈ స్తూపాన్ని చెక్కారు. నేను తీసుకెళ్లిన వాళ్లలో గుంటూరు వాళ్లు కూడా ఉన్నారు, ఆ పలక ముందు నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది వాళ్లకి. ఇవి ఇక్కడెందుకు ఉన్నాయన్న బాధ ఉంటుంది, నాకూ ఉంది. అయినా లండన్ దాకా వచ్చిన తెలుగువాళ్లు చూడకుండా పోకూడదు. ఒక్కోసారి ఆ గది మూసి ఉంటుంది కాబట్టి వచ్చే ముందు రోజు మ్యూజియం వెబ్‌సైట్‌లో మూసిన గ్యాలరీల జాబితా చూసుకోండి.

మ్యూజియంలో మూడు గంటలు చాలు. అన్నీ చూడాలని పెట్టుకుంటే కాళ్లు పోతాయి, సాయంత్రానికి ఓపిక ఉండదు. మధ్యాహ్నం భోజనానికి సూపర్‌మార్కెట్ మీల్ డీల్ తీసుకోండి: శాండ్‌విచో ర్యాపో, ఒక చిప్స్ ప్యాకెట్, ఒక డ్రింకు కలిపి నాలుగు పౌండ్ల చుట్టూ అవుతుంది. స్టోర్ లాయల్టీ కార్డు ఫోన్‌లో ఉంటేనే ఆ రేటు, రైల్లోనే యాప్ దించుకోండి. రస్సెల్ స్క్వేర్ పార్కులో కూర్చుని తినొచ్చు. మంచినీళ్లు కొనకండి. కుళాయి నీళ్లు తాగేవే, మ్యూజియాల్లో సీసా నింపుకోవచ్చు.

అక్కడి నుంచి కోవెంట్ గార్డెన్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్‌కు నడిచే వెళ్లండి. నేషనల్ గ్యాలరీ కూడా ఉచితమే. వాన్ గో పొద్దుతిరుగుడు పువ్వులు, టర్నర్ గీసిన పాత యుద్ధనౌక, ఈ రెండూ చూసి గంటలో బయటపడండి. తర్వాత వైట్‌హాల్ వెంట తిన్నగా నడిస్తే బిగ్ బెన్. వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జి మీద మూడు కప్పులు, ఒక బంతి పెట్టి పందెం ఆడించేవాళ్లుంటారు. చుట్టూ నిలబడి గెలిచినట్టు అరిచేవాళ్లు కూడా వాళ్ల మనుషులే. అక్కడ ఆగనే ఆగొద్దు. ఫోన్ చేతిలో పెట్టుకుని రోడ్డు అంచున నిలబడొద్దు, ఈ-బైకుల మీద వచ్చి లాక్కుపోతున్నారు. లైట్లు పెట్టి పాటలు మోగించే రిక్షాలు ఎక్కకండి, దిగాక ఎంత చెబితే అంత.

బ్రిడ్జి దాటితే నది దక్షిణపు గట్టు. లండన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన నడక ఇక్కడ మొదలవుతుంది. లండన్ ఐ కింద నుంచి, పాత పుస్తకాలు అమ్మే బల్లల పక్క నుంచి, టేట్ మోడర్న్ దాకా. టేట్ ఒకప్పటి కరెంటు ప్లాంటు, 2000లో మ్యూజియంగా తెరిచారు. అర్థమైనా కాకపోయినా లోపలికి వెళ్లి ఆ టర్బైన్ హాల్ ఎంత ఉందో చూడండి. ఎదురుగా మిలీనియం బ్రిడ్జి, దాని చివర సెయింట్ పాల్స్ గుమ్మటం. ఇంకా ముందుకు వెళితే బరో మార్కెట్, చివరికి టవర్ బ్రిడ్జి. మొత్తం నాలుగు కిలోమీటర్లకు పైనే, తాపీగా నడిస్తే చీకటి పడేసరికి టవర్ బ్రిడ్జి దగ్గరుంటారు. 1894లో కట్టిన ఆ వంతెన ఇప్పటికీ పెద్ద పడవల కోసం లేస్తుంది. ఏ రోజు ఏ టైముకి లేస్తుందో వాళ్ల వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. మీరొచ్చే రోజుకు ఉంటే దాన్ని బట్టి నడక సర్దుకోండి. తిరిగి రావడానికి టవర్ ఆఫ్ లండన్ కోట దగ్గర 15 నంబరు బస్సు ఎక్కి పై అంతస్తులో ముందు సీట్లో కూర్చోండి. సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్ మీదుగా ట్రఫాల్గర్ దాకా తీసుకొస్తుంది. టూరిస్టు బస్సుకు పెట్టే డబ్బు మిగులుతుంది.

రాత్రి భోజనం డ్రమ్మండ్ స్ట్రీట్‌లో. యూస్టన్ స్టేషన్ పక్క వీధే. దోసెలు, చాట్, శాకాహార భోజనం దొరికే పాత హోటళ్లున్నాయి, పది పన్నెండు పౌండ్లలో కడుపు నిండుతుంది. మన ఇంటి రుచే కావాలంటే ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌కు రావాలి, అక్కడ ఇంకా చవక. కానీ అలసిపోయిన రాత్రి అంత దూరం వద్దు.

కోహినూర్ గురించి నా అభిప్రాయం చెబుతాను. అది టవర్ ఆఫ్ లండన్‌లో ఉంది, రాజమాత కిరీటంలో. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే వజ్రం కాబట్టి చూడాలన్న కోరిక న్యాయమే. కిరీటాల ముందు కదిలే పట్టీ మీద నిలబెడతారు, కొద్ది క్షణాల్లో దాటిపోతారు. టికెట్ ముప్ఫై పౌండ్ల పైనే. దాంతో పాటు టవర్ అంతా తిరగడానికి సగం రోజు ఉంటేనే ఆ డబ్బుకు న్యాయం. ఈసారి వదిలేసి, మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లతో వెళ్లండి. మేడమ్ టుస్సాడ్స్ అయితే ఎప్పుడూ వద్దంటాను, సెల్ఫీలకు తప్ప పనికిరాదు.

షార్డ్ బదులు హొరైజన్ 22 బుక్ చేసుకోండి. 22 బిషప్స్‌గేట్ అనే భవనంలో 58వ అంతస్తు, పూర్తిగా ఉచితం. స్కై గార్డెన్ కూడా ఉచితమే, 35వ అంతస్తు, లోపల మొక్కలు. రెండింటికీ ఆన్‌లైన్ బుకింగ్ ఉండాలి, వీకెండ్ స్లాట్లు తెరవగానే అయిపోతాయి. అందుకే మీ తేదీ ఖాయం చేసుకున్న రోజు నుంచే చూస్తూ ఉండండి. ఆదివారం ఉదయం స్లాట్ దొరికితే మంచిది, ఎందుకంటే అక్కడి నుంచి బ్యాంక్ స్టేషన్ దగ్గర, మీరు తర్వాత వెళ్లాల్సింది గ్రీనిచ్.

బ్యాంక్‌లో డీఎల్ఆర్ ఎక్కండి. డ్రైవర్ లేని రైలు, ముందు సీటు దొరికితే పట్టాలు మీ కాళ్ల కిందికి వస్తుంటాయి. గ్రీనిచ్ దాకా వెళ్లకుండా రెండు స్టేషన్ల ముందు, ఐలాండ్ గార్డెన్స్‌లో దిగండి. నది కింద నుంచి నడిచే సొరంగం ఉంది, 1902లో రేవు కూలీలు అటు ఇటు పోవడానికి తవ్వింది. తెల్లటి పలకలు పరిచిన సన్నటి గొట్టంలా ఉంటుంది, మాట్లాడితే గోడలు తిరిగి పలుకుతాయి. అవతల తేలితే కటీ సార్క్ ఓడ పక్కనే.

నేషనల్ మారిటైమ్ మ్యూజియం ఉచితం. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ వేసుకున్న కోటు అక్కడుంది, ఎడమ భుజం మీద తూటా చేసిన చిల్లు కనిపిస్తుంది. తర్వాత పార్కులో కొండ ఎక్కండి. అబ్జర్వేటరీ ప్రాంగణంలో సున్నా డిగ్రీల రేఖాంశాన్ని చూపే ఇత్తడి గీత మీద నిలబడాలంటే టికెట్, కానీ గేటు బయట 24 గంటల ముల్లు గడియారం, గోడ వెలుపల బాట మీద అదే గీత ఉచితంగానే చూడొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకు పైన ఎర్రటి బంతి కిందికి జారుతుంది, 1833 నుంచి నావికులు గడియారాలు సరిచేసుకోవడానికి పెట్టిన ఏర్పాటు. గాలి ఎక్కువుంటే వేయరు. మన టైముకు ఐదున్నర గంటల తేడా లెక్క ఈ గీత నుంచే, మన దేశ సమయానికి ఆధారమైన రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. కొండ మీద గడ్డిలో కూర్చుంటే నగరం మొత్తం ముందుంటుంది, అక్కడే మధ్యాహ్నం తిండి తినండి.

మీలో ఎవరికైనా తెలుగు సాహిత్యం మీద ప్రేమ ఉంటే గ్రీనిచ్ బదులు ఇంకోటి చెబుతాను. సీ.పీ. బ్రౌన్ సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది, బేకర్లూ లైన్‌లో అదే పేరుతో స్టేషన్. 1884లో లండన్‌లోనే పోయారాయన. సమాధులు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఆఫీసులో అడిగి వెళ్లాలి.

ఖర్చు లెక్క: రైలు పాతిక నుంచి ముప్ఫై, పడక ముప్ఫై ఐదు, బస్సులు ట్యూబ్ కలిపి పద్నాలుగు, తిండి పాతిక లోపు. కాస్త అటు ఇటుగా వందలోనే. డిసెంబరు, జనవరిలో వస్తే నాలుగింటికే చీకటి పడుతుంది, అప్పుడు నది గట్టు నడకను మధ్యాహ్నానికి మార్చి నేషనల్ గ్యాలరీని ఆఖరికి పెట్టుకోండి.

తిరుగు రైలు ఎక్కేందుకు గ్రీనిచ్ నుంచి డీఎల్ఆర్‌లో బ్యాంక్, అక్కడ నార్తర్న్ లైన్ మారితే తిన్నగా యూస్టన్. గంట ముందే బయల్దేరండి. ఆదివారాలు పట్టాల మరమ్మతులు ఎక్కువ, లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ సైట్‌తో పాటు కోవెంట్రీ లైను సంగతి కూడా నేషనల్ రైల్‌లో టికెట్ కొనకముందే చూసుకోండి. మధ్యలో రైలు బదులు బస్సు వేసిన వారమైతే తేదీ మార్చుకోవడమే మేలు.