కొట్టుకుంటున్న గుండెకు రోబోతో ఆపరేషనా?

ప్రశ్న: మాది కావలి. మా నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్ ఉంది, చాలా ఏళ్లుగా బీడీలు కాలుస్తారు. గుండె ముందువైపు రక్తనాళం పూడుకుపోయిందని యాంజియోగ్రామ్‌లో తేలింది. గుండెను ఆపకుండానే రోబోతో బైపాస్ చేయవచ్చని చెన్నైలో చెప్పారు. కదిలే గుండెకు యంత్రం కుట్లు వేస్తుందంటే ఇంటిల్లిపాదికీ భయంగా ఉంది. చేయించవచ్చా?

సమాధానం: రోబో తనంతట తానుగా ఒక్క కుట్టు కూడా వేయదు. కన్సోల్ అనే, రోబోను నడిపే పీఠం దగ్గర కూర్చున్న సర్జన్ వేళ్లు ఎలా కదిలితే, పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాల గుండా లోపలికి పంపిన సన్నని పరికరాలు అలాగే, కాకపోతే ఇంకా తక్కువ దూరం కదులుతాయి. చేతి వణుకు లోపలిదాకా పోకుండా యంత్రం అడ్డుకుంటుంది.

మీ అసలు సందేహం గుండె కదలిక గురించి. నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటూ, ఊపిరితో పాటు ఊగుతూ ఉండే గుండె మీద, రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే నాళాన్ని కుట్టాలంటే ఆ చోటును నిలకడగా ఉంచక తప్పదు. అందుకే స్టెబిలైజర్ అనే పరికరంతో కుట్టు పడవలసిన మేర మాత్రమే కదలకుండా పట్టి ఉంచుతారు, మిగతా గుండె తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. రోబో లేకుండా ఛాతీ తెరిచి చేసే బైపాస్‌లలోనూ మన దేశంలో ఈ పద్ధతి బాగా వాడుకలో ఉంది. జువ్వలదిన్నె రేవులో రెండు పడవలు ఒకే తీరున ఊగితే ఒక దానిలోని మనిషికి రెండోది కదలనట్టే కనిపిస్తుంది కదా, అలా గుండెతో పాటే పరికరాన్నీ కదిలించి సర్జన్‌కు గుండె నిలిచి ఉన్నట్టు చూపించాలన్న ప్రయత్నాలు పరిశోధనశాలల్లో చాలాకాలంగా సాగుతున్నాయి గానీ, మీ నాన్నగారికి చెప్పిన ఆపరేషన్ అది కాదు.

మరో విషయం. రోబో బైపాస్ అన్నంత మాత్రాన అన్ని చోట్లా ఒకటే కాదు. పూడిక దాటించి గుండెకు రక్తం అందించడానికి వాడే ఛాతీ గోడ లోపలి ధమనిని వేరు చేయడం వరకే రోబోతో చేసి, దాన్ని గుండె నాళానికి ఎడమ రొమ్ము కింద చిన్న కోతలోంచి చేత్తో కుట్టేవారూ ఉన్నారు. మీకు చెప్పింది ఏదో, ఆ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారో, మధ్యలో ఛాతీ తెరవవలసి వస్తే ఏర్పాట్లేమిటో అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు.

నన్ను ఆలోచింపజేస్తున్నది రోబో కంటే బీడీ. ఈ ఆపరేషన్‌లో పరికరాలకు చోటు కోసం ఎడమ ఊపిరితిత్తిలోని గాలి తీసేసి, కొంతసేపు కుడిదానితోనే శ్వాస నడిపిస్తారు. పొగతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు దీన్ని తట్టుకోలేకపోవచ్చు. అలాంటప్పుడు ఛాతీ తెరిచి చేసే పద్ధతే మేలు. కనుక బీడీలు ఈరోజే మాన్పించి, శ్వాస సామర్థ్య పరీక్ష, మూడు నెలల షుగర్ సగటు పరీక్ష చేయించి, ఆ రిపోర్టులతోనే సర్జన్‌ను, మత్తు డాక్టర్‌ను కలవండి. రక్తం పలచబరిచే మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు. ఈలోగా ఛాతీ నొప్పి వచ్చి విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోతే చెన్నై దాకా ఆగకుండా 108కు ఫోన్ చేసి దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్లండి.