థిన్నర్ వాసనను బ్యాక్టీరియా తింటుందా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, రేణిగుంట రోడ్డు వైపు. ఇంటిని ఆనుకునే కార్లకి పెయింట్ కొట్టే షెడ్డు ఉంది. స్ప్రే మొదలైతే చాలు తల పగిలిపోతుంది, పాపకి కళ్లు మండుతాయి, ఆరేసిన బట్టల్లో కూడా థిన్నర్ వాసనే. గాలిలో విషాన్ని తినే బ్యాక్టీరియా ఉందట కదా, కొనుక్కొచ్చి ఇంట్లో చల్లితే సరిపోతుందా?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, బ్యాక్టీరియా సంగతి నిజమే, కానీ చల్లడం దండగ, ఆ డబ్బు దాచుకోండి. థిన్నర్లలో ఎక్కువగా ఉండే టోలీన్ మనకి విషం, మట్టిలో ఉండే సూడోమొనాస్ పుటిడా లాంటి వాటికి తిండి. తిని, కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా మార్చేస్తాయి. అయితే అవి గాల్లో తిరిగి వెతుక్కుని తినవు, గాలినే వాటి దగ్గరికి తోలాలి.

కొబ్బరి పీచుని తడిపి గట్టిగా పిండి చూడండి, ఒక్కో పోగుకీ సన్నటి తడి పొర అంటుకునే ఉంటుంది. బ్యాక్టీరియా కాపురం ఆ పొరలోనే. వాసన ఆవిరి ముందు ఆ తడిలో కరగాలి, అప్పుడే దాని నోటికి అందుతుంది. అందుకే పీచు, కంపోస్టు కలిపి మీటరు మందాన పరిచి, షెడ్డు ఫ్యాను గాలిని కింది నుంచి నెమ్మదిగా పంపుతారు. బయోఫిల్టర్ అంటే ఇదే.

నెమ్మదిగా అన్నాను కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. గాలి అందులో కనీసం అర నిమిషం నిలవాలి. సెకనుకి అర ఘనపు మీటరు గాలి తోసే చిన్న ఫ్యానుకే 15 ఘనపు మీటర్ల పీచు కావాలి, అంటే పదహారు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదంత చోటు. పైగా పెయింట్ తుంపర్లని ముందే వేరే ఫిల్టర్‌తో ఆపకపోతే పీచు పూడిపోతుంది. మన మే నెల ఎండ 40 డిగ్రీలు దాటిందంటే తడి ఆరిపోయి బ్యాక్టీరియా పని ఆపేస్తుంది, నీళ్లు చల్లే మనిషి రోజూ ఉండాల్సిందే.

కాబట్టి ఇది షెడ్డు వాళ్లు పెట్టుకోవాల్సింది, మీరు కాదు. వాళ్లతో మాట్లాడండి, థిన్నర్ డబ్బాల మూతలు తెరిచి వదిలేయకుండా ఉన్నా కొంత తేడా తెలుస్తుంది. స్ప్రే కొట్టేటప్పుడు అటు వైపు కిటికీలు మూసేయండి, పాప కళ్ల మంట తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. వాళ్లు వినకపోతే మొహమాటపడకుండా కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఏ రోజు, ఎన్ని గంటలకి వాసన వచ్చింది, పాపకి ఎలా ఉంది, ఇవన్నీ ఈరోజు నుంచే ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టండి.