పాత పీహెచ్ 5 లైట్ కొనొచ్చా? నా అనుభవం

కోపెన్‌హేగెన్‌లో సెకండ్‌హ్యాండ్ సంతలో పాత పీహెచ్ 5, అంటే సీలింగ్ నుంచి వేలాడే డెన్మార్క్ లైట్ ఒకటి, చూశానని మీరన్నారు. లోపలి ఎరుపు, నీలం రంగులు ఎవరైనా తర్వాత పూశారా, హైదరాబాద్ తెస్తే వెలుగుతుందా అని అడిగారు.

రంగుల సంగతి ముందు. అవి అసలువే. డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్సెన్ 1958లో లూయిస్ పౌల్సెన్ అనే లైట్ల కంపెనీకి ఈ లైట్ డిజైన్ చేసినప్పుడే పెట్టాడు. మన కంటికి పసుపు, ఆకుపచ్చ కాంతి బాగా ఆనుతుంది, ఎరుపు, నీలం అంతగా ఆనవు. ఆ లోటు కొంత పూడ్చాలన్నది ఆయన లెక్క. పేరులోని పీహెచ్ ఆయన పొడి అక్షరాలు. 5 ఏమిటంటే, బల్బు చుట్టూ ఉండే షేడ్లలో (కప్పుల్లో) పెద్దదాని వ్యాసం 50 సెంటీమీటర్లు.

నేను డెన్మార్క్‌లోనే ఆర్హుస్ అనే ఊళ్లో కొన్నేళ్లున్నాను. అక్కడ అద్దె ఇంట్లో సీలింగ్ నుంచి వైరు తప్ప లైట్లుండవు, ఖాళీ చేసేవాళ్లు విప్పుకుని పోతారు. డిసెంబరులో నాలుగు కొట్టకముందే చీకటి. అలా సంతలో ఇది కొన్నాను. మన అలవాటు కొద్దీ తలకు తగలకుండా సీలింగ్ దగ్గరగా బిగించాను. చూస్తే టేబుల్ మీద అన్నం కూడా సరిగ్గా కనబడదు! ఇంత పేరున్న లైట్ ఇదేనా అనిపించింది. పైఅంతస్తు పెద్దావిడ టీకి వచ్చి, చూసి నవ్వింది. ఇది గది దీపం కాదు, టేబుల్ దీపం, కిందికి దించమంది. టేబుల్ నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తుకు దించాక తెలిసింది. వెలుగంతా కంచాల మీద, ఎదుటివాళ్ల ముఖాల మీద పడుతోంది. ఏ వైపు కూర్చున్నా బల్బు మాత్రం కంటికి కనబడదు.

ఆ బల్బును దాచడానికే ఆయన జీవితమంతా తంటాలు పడ్డాడు. కిరోసిన్ దీపం వెలుగులో పెరిగినవాడికి కరెంటు బల్బు కళ్లలో గుచ్చుకునేది. 1920లలోనే లాగరిథమిక్ స్పైరల్ (బయటికి పోయేకొద్దీ విప్పారే చుట్ట లాంటి వంపు) ఆధారంగా మూడు షేడ్ల లైట్లు చేశాడు. వాటిలో బల్బు సరిగ్గా ఒకే చోట ఉండాలి. బల్బుల కంపెనీలేమో ఆకారాలు మారుస్తూ పోయాయి. చివరికి విసిగిపోయి, ఏ బల్బు పెట్టినా కళ్లలో పడని లైట్ చేసి పడేశాడు, అదే పీహెచ్ 5. ఆ విసుగు నాకు భలే నచ్చుతుంది.

కొనేముందు లోపల కంపెనీ లేబుల్ ఉందో లేదో చూడండి. షేడ్లకు మళ్లీ రంగేసి ఉంటే నేనైతే వదిలేస్తాను. పాత వైరు ఎండి పగిలిపోతుంది, ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి. తోమే పీచుతో రుద్దకండి. నేను రుద్దాను, ఎర్ర రంగు మీద ఇప్పటికీ తెల్లటి గీతలున్నాయి. మెత్తటి తడిగుడ్డ చాలు.

అక్కడా ఇక్కడా 230 వోల్టులే కాబట్టి కరెంటుతో ఇబ్బంది లేదు. హోల్డర్ మాత్రం బల్బును తిప్పి బిగించే మర టైపు, దాన్ని ఈ27 అంటారు. మన పిన్ను బల్బు పట్టదు. అలా తిప్పి బిగించే ఎల్ఈడీలు మన షాపుల్లోనూ దొరుకుతాయి, 2700 కెల్విన్‌ది, అంటే పసుపు ఛాయ వెలుగుది తీసుకోండి. తెల్లటిది పెడితే ఆ ఎరుపుకు అర్థమే ఉండదు.

ఇంకొకటి, మీ డైనింగ్ టేబుల్ పైన సీలింగ్ ఫ్యాన్ ఉందా? మాకుంది. ఇక్కడికి తెచ్చాక నెలరోజులు అట్టపెట్టెలోనే ఉంచి, చివరికి టేబులే పక్కకు జరిపాం.