నీ నక్క ఎవరి కష్టం తింటోంది?

అమ్మాయ్,

నీ కథ, దాంతో పాటు పంపిన బొమ్మలు చేరాయి. ముందు బొమ్మల సంగతి చెప్తాను, కథకంటే అవే బాగున్నాయి కాబట్టి. 1924లో సోవియట్ చిత్రకారుడు రాద్చెంకో చేసిన పోస్టరు ఉంది కదా, లీల్యా బ్రిక్ నోటి పక్కన చెయ్యి పెట్టుకుని ‘పుస్తకాలు’ అని కేకేసేది, అందులో ఆమె చోట నీ నక్కను నిలబెట్టావు. పంజా, గోళ్ళు, మూతి మీసాలు అన్నీ నక్కవే. ఫర్రీ బొమ్మలు, అంటే మనుషుల్లా నడిచి మాట్లాడే జంతువుల బొమ్మలు వేసేవాళ్ళు చాలామంది సోవియట్ పోస్టరు జోలికి వెళ్ళగానే జంతువును కాస్తా మనిషిని చేసేసి, వెనక ఒక తోక తగిలించి, నెత్తిన ఎర్రచుక్క టోపీ పెట్టి ఊరుకుంటారు. నువ్వు ఆ పని చెయ్యలేదు. సంతోషం.

పేచీ అంతా కథతోనే.

నీ అడవిలో నూలుమిల్లు ఉంది. మిల్లు తోడేళ్ళది. కుందేళ్ళు రోజుకు 12 గంటలు పనిచేస్తాయి. నక్క కామ్రేడ్ వస్తుంది, మీటింగు పెడుతుంది, తోడేళ్ళను తరిమేస్తారు, జెండా ఎగురుతుంది. అయిపోయింది. ఇంతకీ మిల్లు తోడేళ్ళ చేతికి ఎలా వచ్చింది? కథంతా వెతికాను, ఎక్కడా లేదు. తోడేళ్ళు కాబట్టి దోచుకుంటున్నాయి, కుందేళ్ళు కాబట్టి ఓర్చుకుంటున్నాయి, అంతే. ఇది కమ్యూనిజం కాదమ్మా. మార్క్సు చెప్పిన యజమాని కోరలతో పుట్టడు. మిల్లు ఒకడి పేరున ఉంటుంది, ఇంకొకడి దగ్గర రెక్కలు తప్ప ఏమీ ఉండవు. దోపిడీ అంతా ఆ ఇద్దరి మధ్య సంబంధంలో ఉంది. మిల్లు కాగితాలు కుందేలు పేరుకు మార్చి చూడు, ఏడాది తిరిగేసరికి అదీ 12 గంటలు చాకిరీ చేయించుకుంటుంది. ఒకడు పుట్టుకతోనే యజమాని, ఇంకొకడు పుట్టుకతోనే కూలీ అయ్యే ఏర్పాటుకు మన దేశంలో వేరే పేరుంది, నీకు చెప్పక్కర్లేదు.

జంతువుల కథకు ఈ తిప్పలు పాతవే. నీలిరంగు తొట్టిలో పడ్డ నక్క కథ పంచతంత్రంలో చదివే ఉంటావు. ఆ రంగు చూసి అడవంతా బెదిరి దాన్ని రాజును చేసింది. ఒకరోజు దూరంగా నక్కలు ఊళ పెడితే ఉండబట్టలేక తనూ ఊళ పెట్టి దొరికిపోయింది, చచ్చింది. పుట్టుబుద్ధి పోదని చెప్పడానికే ఆ కథ. రాజుల పిల్లలకు నీతి చెప్పే పుస్తకం ఇంకెలా చెప్తుంది! అయితే అందులోనే ఒక సంగతి ఉంది, పెద్దగా ఎవరూ పట్టించుకోరు. గద్దెనెక్కాక ఆ నక్క సింహానికీ పులికీ కొలువులిచ్చి, తోటి నక్కలను మాత్రం వెళ్ళగొట్టింది. ఎడమ వైపు నుంచి ఆ కథ తిరగరాయాలనుకుంటే ఊళ దగ్గర ఆగకు, ఆ వెళ్ళగొట్టిన రోజు పట్టుకో. నీ స్నేహితులంతా హాలీవుడ్ నక్కలకు ఫ్యాన్ ఆర్ట్ వేస్తున్నారు గానీ, ఇంట్లోనే ఇంత సరుకుంది.

ఇక జార్జ్ ఆర్వెల్ రాసిన ‘యానిమల్ ఫామ్’. పొలంలోని జంతువులు యజమాని జోన్స్‌ను తరిమేస్తే, చివరికి పందులే కొత్త దొరలయ్యే కథ అది, సోవియట్ విప్లవం మీద విసురు. దాన్ని నువ్వు ‘కమ్యూనిస్టు వ్యతిరేక పుస్తకం’ అని ఒక్క ముక్కలో తీసేశావు. మా తరంలోనూ చాలామంది చదవకుండానే అలా తీసేశారు. పగవాడి పుస్తకం అనుకునైనా చదువు. ఆర్వెల్ మన బీహార్‌లోని మోతిహారిలో పుట్టాడు. స్పెయిన్‌లో ఫ్రాంకో సేనల మీద పోరాడి గొంతులో తూటా దెబ్బ తిన్నాడు. చివరిదాకా సోషలిస్టునే అన్నాడు. ఈ కథ ఆలోచన ఎలా వచ్చిందో 1947 నాటి ఉక్రేనియన్ అనువాదానికి రాసిన ముందుమాటలో చెప్పాడు. పదేళ్ళ కుర్రాడొకడు ఇరుకు దారిలో పెద్ద బండిగుర్రాన్ని తోలుతూ, అది పక్కకు తిరగబోయినప్పుడల్లా కొరడాతో కొడుతున్నాడట. వీటికి తమ బలం తెలిస్తే మన అదుపులో ఉంటాయా, ధనికులు శ్రామికులను వాడుకుంటున్నట్టే మనుషులు వీటిని వాడుకుంటున్నారు కదా అనిపించిందట. అక్కడి నుంచి మార్క్సు సిద్ధాంతాన్ని జంతువుల వైపు నిలబడి ఆలోచించడం మొదలుపెట్టాడు.

ఆ పుస్తకం అచ్చుకు తిరుగుతున్న 1944లో పందుల మీద నడిచిన రభస నీకు పనికొస్తుంది. జొనాథన్ కేప్ అనే ప్రచురణకర్త ముందు ఒప్పుకుని తర్వాత వెనక్కి తగ్గాడు. పాలించే కులంగా పందులను పెడితే చాలామందికి, అందులోనూ రష్యన్లకు కోపం వస్తుంది, ఇంకో జంతువైతే ఇంత నొప్పి ఉండదు అని రాశాడు. ఫేబర్ అనే ఇంకో ప్రచురణ సంస్థ తరఫున కవి టి. ఎస్. ఎలియట్ రాసింది ఇంకా తమాషా. మీ పందులు అందరికంటే తెలివైనవి కదా, పాలనకు అవే తగినవి. మరింత కమ్యూనిజం ఎందుకు, ప్రజల మేలు కోరే పందులు ఇంకొన్ని ఉంటే సరిపోయేది అని ఎవరైనా అనొచ్చు అన్నాడు. వెటకారంలా ఉంది గానీ, కథలో బలహీనమైన చోటే ఎలియట్ వేలు పెట్టాడు. పందులకు తెలివి పుట్టుకతోనే ఇచ్చేసి, మిగతావాటిలో చాలావాటికి అక్షరాలే వంటబట్టలేదని చెప్పాక, ఆ విప్లవం చెడిపోవడంలో రాజకీయం ఎంత, జంతుశాస్త్రం ఎంత? నువ్వు పడ్డ గోతిలోనే ఆర్వెల్ కూడా ఒక కాలు పెట్టాడు.

ఆ కాలు ఎలా తీసుకున్నాడో చూడు. తిరుగుబాటైన మర్నాడు ఆవుల పాలు పితుకుతారు. 5 బకెట్లు నిండుతాయి. ఈ పాలేం చేద్దామని ఎవరో అడుగుతారు. పాల సంగతి తర్వాత చూద్దాం, ముందు కోతకు పదండి అంటాడు పందుల నాయకుడు నెపోలియన్. సాయంత్రం తిరిగొచ్చేసరికి పాలు లేవు. తర్వాత రాలిన ఆపిల్ పళ్ళూ పందులకే వెళ్తాయి. కథ మలుపు తిరిగేది అక్కడేనని, ఆ పూటే మిగతా జంతువులు అడ్డం తిరిగి ఉంటే అంతా సవ్యంగా ఉండేదని 1946 డిసెంబరులో అమెరికన్ రచయిత డ్వైట్ మెక్‌డొనాల్డ్‌కు రాసిన ఉత్తరంలో ఆర్వెల్ స్పష్టంగా చెప్పాడు. పాలు ఎవరివో తేల్చకుండా అందరూ పొలానికి వెళ్ళిపోయారు, అదీ తప్పు. ఇక ఆఖరి పేజీలో, కిటికీలోంచి తొంగిచూసే జంతువులకు లోపల పంది ఏదో మనిషి ఎవరో పోల్చుకోవడం చేతకాదు. జాతి చెరిగిపోయి వర్గం ఒక్కటే మిగులుతుంది అప్పటికి. నీ కథకు కావలసింది ఆ పాల బకెట్టు. నీ మిల్లులో అది పత్తి బేళ్ళో, క్యాంటీన్ క్యారెట్లో, గోడౌన్ తాళంచెవో నువ్వే తేల్చుకోవాలి.

బొమ్మలు వేసేదానివి కాబట్టి ఇంకో ఘట్టం చూపిస్తాను. ఏడో అధ్యాయంలో నెపోలియన్ వారానికి 400 గుడ్లు బయటికి అమ్మే ఒప్పందం చేసుకుంటాడు. పొదగడానికి సిద్ధం చేసుకున్న గుడ్లవి. కోళ్ళు ఎదురు తిరుగుతాయి. ఎలాగంటే, దూలాల మీదికి ఎగిరి అక్కడి నుంచే గుడ్లు పెడతాయి. అవి నేల మీద పడి పగిలిపోతాయి. నెపోలియన్ వాటికి గింజలు ఆపించేస్తాడు. 5 రోజులు తట్టుకుని లొంగిపోతాయి. ఈలోగా 9 కోళ్ళు చచ్చిపోతే, రోగమొచ్చి పోయాయని చెప్పి పూడ్చేస్తారు. సమష్టి క్షేత్రాలకు ఇవ్వడం ఇష్టంలేక సోవియట్ రైతులు తమ పశువులను తామే కోసేసుకున్న రోజులు తెలిసినవాళ్ళకు ఇది గుచ్చుకుంటుంది. తెలియనివాళ్ళకు కోడి కడుపుకోత చాలు. కోడి తప్ప ఇంకెవరూ చెయ్యలేని సమ్మె అది. నీ కుందేళ్ళేమో ప్లకార్డులు పట్టుకుని గేటు ముందు కూర్చున్నాయి. ఆ పని ఏ ఊరి కార్మికులైనా చేస్తారు. కుందేలు బొరియలు తవ్వుతుంది, మిల్లుకు పునాది ఉంటుంది. అంతకంటే చెప్పను.

నీ అడవిలో తోడేళ్ళు ఏం తింటాయి? ఈ ప్రశ్న నుంచి తప్పించుకోలేవు. తోడేలు ఆకలి నిజమైన ఆకలి, తినకపోతే చస్తుంది. లాభం మీద మిల్లు ఓనరుకు ఉండేది అలాంటిది కాదు. మార్క్సు ‘పెట్టుబడి’లో నెత్తురు పీల్చే పిశాచాన్నీ, తోడేలుగా మారే మనిషి ఆకలినీ తెచ్చాడు నిజమే, అయితే ఆ మాటలు పెట్టుబడిని ఉద్దేశించినవి, పెట్టుబడిదారు పుట్టుకను కాదు. ఆ పుస్తకంలోనే తేనెటీగ కూడా ఉంది. దాని పట్టు చూసి చాలామంది మేస్త్రీలు సిగ్గుపడాలి, కానీ ఎంత చేతకాని మేస్త్రీ అయినా కట్టబోయేదాన్ని ముందు బుర్రలో కట్టుకుంటాడు, తేనెటీగకు ఆ పని లేదు అంటాడు. మాట్లాడే కుందేలుకు నువ్వు ఆ బుర్ర ఇచ్చావు. మరి మీటింగులో ఒక్క కుందేలూ నోరు విప్పదేం? అన్నీ నక్కే ఆలోచించాలా? క్రొపోత్కిన్ 1902లో వేసిన ‘పరస్పర సహాయం’ చూడు. ఆయన మార్క్సిస్టు కాదు, అరాచకవాది, అయినా నష్టం లేదు. పెలికాన్ పక్షులు అర్ధచంద్రాకారంలో నీళ్ళ మీద బారుతీరి, చేపలను ఒడ్డుకు తోలుకొచ్చి పట్టే తీరు రాశాడు. అక్కడ నాయకుడెవరో కనబడడు. బొమ్మకు కూడా భలే ఉంటుంది.

నీ తోడేళ్ళ పెద్ద పిరికివాడు, తాగుబోతు, తెలివితక్కువవాడు. ఇన్ని గుణాలు ఒకడికే ఎందుకమ్మా? ఆర్వెల్ కథలో నెపోలియన్ అంటే స్టాలినే, స్టాలిన్ అంటే ఆయనకు ఎంత మంటో తెలుసుగా. అయినా 1945 మార్చిలో, పుస్తకం అచ్చులో ఉండగా, ఒక వాక్యం మార్చమని పారిస్ నుంచి రాశాడు. గాలిమర పేలినప్పుడు నెపోలియన్‌తో సహా జంతువులన్నీ బోర్లా పడిపోయాయని మొదట ఉంది. దాన్ని ‘నెపోలియన్ తప్ప’ అని మార్పించాడు. జర్మన్లు దూసుకొస్తున్నప్పుడు స్టాలిన్ మాస్కో వదిలిపోలేదు, ఆ మాట దక్కాలి అన్నాడు. ఆ ఒక్క మార్పుతో విలన్ ఇంకా భయంకరంగా తయారయ్యాడని నాకనిపిస్తుంది.

అంత జాగ్రత్తగా రాసిన కథకు 1954 కార్టూన్ సినిమాలో ముగింపే మార్చేశారు. పందుల మీద జంతువులు మళ్ళీ తిరగబడినట్టు చూపించారు. వెనక డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏది, ఆ సంగతి బయటపడింది చాలా ఏళ్ళకు.

ఆర్వెల్ పందులను వేసి టీషర్టులు అమ్ముకోవచ్చా అని అడిగావు. ఆయన 1950 జనవరిలో పోయాడు. మన కాపీరైట్ చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు, కాబట్టి 2010తో ఇక్కడ హక్కులు తీరిపోయాయి. బ్రిటన్‌లో 70 ఏళ్ళు, అక్కడా 2020తో తీరాయి. అమెరికాలో మాత్రం ఇంకా ఉన్నాయి, ఆ దేశానికి పార్శిళ్ళు పంపకు. కార్టూన్ సినిమాలోని పంది మొహాలు దించకు, వాటి హక్కుల లెక్క వేరు. ఇంకోటి, ఆర్వెల్ జంతువులు ఎగరేసే గిట్టా కొమ్మూ ఉన్న జెండాను నువ్వు ఎర్రగుడ్డ మీద వేశావు. పుస్తకంలో అది జోన్స్ భార్య పాత ఆకుపచ్చ బల్లగుడ్డ, దాని మీద తెల్లరంగుతో వేసిన బొమ్మ. ప్రింటుకు ఇచ్చేలోపు మార్చు.

ఉంటాను.